నాటకానికి డబ్బు కూర్చడం: విశాఖలో మా అనుభవం

విశాఖలో నాటకం వెయ్యాలనుకున్న సమాజం సాధారణంగా ముందు హాలు మాట్లాడుకుంటుంది. ఆ తర్వాత అద్దె డబ్బు కోసం తెలిసినవాళ్ల దగ్గరికి బయల్దేరుతుంది. మేం ఆ వరుస మార్చుకున్నాం. కథ ఖాయం కాగానే, రిహార్సల్స్ మొదలుపెట్టకముందే, పూర్తి బడ్జెట్ కాగితం మీద పెడతాం. అందులో మొదటి పద్దు నటీనటుల పారితోషికం.

దీనికి గట్టి కారణమే ఉంది. నటులు ఊరికే చేస్తారని ఆ పద్దు వదిలేస్తే, మూడున్నర లక్షల నాటకం కాగితం మీద రెండు లక్షల ఎనభై వేలదిగా కనిపిస్తుంది. దాత ఆ తక్కువ అంకెనే గుర్తుపెట్టుకుంటాడు. వచ్చే ఏడాది పారితోషికం కలిపి అడిగితే ఖర్చు ఎందుకు పెంచారని నిలదీస్తాడు. గ్రాంటు దరఖాస్తులో ఆ పద్దు లేకపోతే తర్వాత చేర్చడానికి వీలుండదు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఉచితంగా చేస్తున్న మనిషికి షార్ట్ ఫిల్మ్ పిలుపు వస్తే రిహార్సల్ మానేస్తాడు. అతన్ని తప్పుపట్టే హక్కు మనకుండదు.

ఎనిమిది మంది నటులు, గంటన్నర నిడివి, 400 సీట్ల హాలు, రెండు ప్రదర్శనలు అనుకుంటే మా లెక్క ఇలా వస్తుంది. నటులకు తలా 8,000 చొప్పున 64,000. తెర వెనక పనిచేసే నలుగురికి 20,000. రచయితకు, దర్శకుడికి కలిపి 30,000. రిహార్సల్ గది, టీ, టిఫిను, రాత్రి పొద్దుపోయాక ఆడపిల్లల్ని ఇంటి దగ్గర దించే ఆటోలు, ఇవన్నీ పూటకు 1,000 చొప్పున 25 పూటలకు 25,000. రంగాలంకరణకు, సామగ్రికి 35,000. దుస్తులు, మేకప్ 16,000. లైట్లు, సౌండు అద్దె 40,000. హాలు 50,000. పోస్టర్లు, టికెట్లు, బ్యానర్లు 15,000. వీడియో 15,000. మొత్తం 3,10,000. అనుకోని ఖర్చులకు పదో వంతు, అంటే 31,000. ఆడిటర్‌కు, బ్యాంకు, కాగితాల ఖర్చులకు 9,000. వెరసి 3,50,000. కళాభారతి, గురజాడ కళాక్షేత్రం, ద్వారకానగర్ పౌర గ్రంథాలయం, యూనివర్సిటీ హాళ్లు, వేటి అద్దె వాటిదే. ఏసీ, జనరేటర్, ముందురోజు సెట్ వేసుకునే పూట అద్దెలో కలిసున్నాయా లేదా అన్నది రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి. అద్దె తక్కువని ఒప్పుకున్న హాల్లో సెట్ వేసే పూటకు విడిగా డబ్బు కట్టాల్సి వస్తే బడ్జెట్ అక్కడే తలకిందులవుతుంది.

వీడియో ఖర్చును చాలామంది కోసేస్తారు. మేం చచ్చినా కొయ్యం. రేపు గ్రాంటుకో, నాటక పరిషత్తు పోటీలకో దరఖాస్తు పెట్టేటప్పుడు మన పని చూపించే ఆధారం అదొక్కటే.

ఇక రాబడి. టికెట్‌తో ఖర్చంతా రాదు. రెండు ప్రదర్శనలకు 800 సీట్లు. అందులో 440 అమ్ముడవుతాయని లెక్కేసుకుంటే, 150 రూపాయల చొప్పున 66,000. బడ్జెట్‌లో ఐదో వంతు కూడా కాదు. అయినా టికెట్ పెట్టి తీరాలి. ఉచిత ప్రవేశం అన్నచోట హాలు నిండుతుందో లేదో ఆ సాయంత్రం దాకా తెలియదు. 150 ఇచ్చి కొన్నవాళ్లు వర్షం పడుతున్నా వస్తారు. నాటక ప్రదర్శనకు ఒక్కో టికెట్ 500 రూపాయలు దాటనంతవరకు జీఎస్టీ లేదు కాబట్టి ఆ బాధ కూడా ఉండదు.

టికెట్లను 20 చొప్పున పుస్తకాలు కుట్టించి, నంబర్లు వేయించి, ఏ పుస్తకం ఎవరికిచ్చామో రిజిస్టర్‌లో సంతకం తీసుకుంటాం. ఆదివారం ప్రదర్శన అయితే గురువారం సాయంత్రానికి మిగిలిన టికెట్లు, వసూలైన డబ్బు రెండూ తిరిగి రావాలి. గురువారం దాటితే మిగిలినవి అమ్మే వ్యవధి ఉండదు. క్యూఆర్ కోడ్ సొసైటీ ఖాతాదే ఉండాలి. కార్యదర్శి సొంత ఫోన్ నంబర్‌కు డబ్బు వేయించుకునే అలవాటు మంచి స్నేహాల్ని కూడా చెడగొడుతుంది. యూపీఐలో డబ్బు పంపేటప్పుడు కింద నోట్‌లో టికెట్ నంబర్ రాయమనాలి. లేదంటే బ్యాంకు స్టేట్‌మెంట్‌లో వరసగా 150, 300, 150 అని కనిపిస్తాయి తప్ప ఎవరివో తేలదు.

టికెట్ కంటే నమ్మకమైనది ఏడాది సభ్యత్వం. 1,000 రూపాయలకు ఇద్దరికి, ఏడాది పొడుగునా మేం వేసే ప్రదర్శనలన్నిటికీ ప్రవేశం. 60 మంది సభ్యులుంటే 60,000. ఈ డబ్బు ఏడాది మొదట్లోనే చేతికొస్తుంది కాబట్టి హాలు అడ్వాన్సు దానితోనే కడతాం. ఎంవీపీ కాలనీ, సీతమ్మధార, ఉక్కునగరం వైపు రిటైరైన ఉద్యోగుల కుటుంబాలు ఈ సభ్యత్వానికి వెన్నెముక. వాళ్లకు కావలసినవి మూడే: చెప్పిన టైముకు మొదలవడం, రాత్రి తొమ్మిదిన్నరలోపు ముగియడం, మెట్లెక్కకుండా కూర్చోగలగడం. షిఫ్టుల్లో పనిచేసే ఉక్కు, పోర్టు, రిఫైనరీ కుటుంబాల కోసం రెండు ప్రదర్శనల్నీ ఒకే వారాంతంలో పెట్టకుండా వారం ఎడంతో పెడతాం. ఈ వారం సాయంత్రం షిఫ్టులో ఉన్నవాళ్లు పై వారం రాగలుగుతారు.

సావనీర్, అంటే ప్రదర్శన సందర్భంగా ప్రకటనలతో వేసే సంచిక, దాని సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లో నాటకానికి అసలు డబ్బు అక్కడినుంచే వస్తుంది. వెనక అట్ట 25,000, లోపలి అట్టలు రెండూ 15,000 చొప్పున, పూర్తి పేజీలు ఎనిమిది 5,000 చొప్పున, అర పేజీలు పన్నెండు 3,000 చొప్పున. అన్నీ నిండితే 1,31,000. అచ్చుకు 30,000 పోగా 1,01,000 మిగులుతుంది.

యాడ్ కోసం కొట్టుకు వెళ్లడానికీ వేళ ఉంది. బోణీ కాకముందు వెళ్లకూడదు. శుక్రవారం, దీపాలు పెట్టిన తర్వాత చాలామంది వ్యాపారులు డబ్బు చేతినుంచి దాటనివ్వరు. మామూలు రోజుల్లో పన్నెండు ప్రాంతంలో యజమాని కాస్త తీరుబడిగా ఉంటాడు. దసరాకు నెలన్నర ముందు, సంక్రాంతికి నెల ముందు బట్టల కొట్లు, నగల కొట్లు ప్రచారానికి డబ్బు తీసి పెట్టుకుంటాయి. పండగ వెళ్లిపోయాక అడిగితే గల్లాపెట్టె ఖాళీ అన్న మాటే వినిపిస్తుంది. కోచింగ్ సెంటర్లకు మే, జూన్. ఆసుపత్రులకు, మధురవాడ, భోగాపురం వైపు వెంచర్లు వేసేవాళ్లకు కాలంతో పనిలేదు.

వెళ్లేటప్పుడు పొగడ్తల ఉత్తరం వద్దు. ఒక పేజీ చాలు: నాటకం పేరు, తేదీ, హాలు, ఎన్ని ప్రతులు, ఎవరికి పంచుతాం, రేట్లు. దానితోపాటు డమ్మీ సావనీర్ ఒకటి పట్టుకెళ్తాం. తెల్ల కాగితాలు మడిచి కుట్టిన పుస్తకమే. ఆ కొట్టు బోర్డు ఫొటో ముందే తీసి, ప్రింటు వేయించి, మేం అనుకున్న పేజీలో అతికిస్తాం. యజమాని పేజీలు తిప్పి తన కొట్టు పేరు చూసుకున్నాక మాట మారుతుంది. ఇవ్వాలా వద్దా అన్నది పోయి, కుడి పేజీలో రాదా అన్న బేరం మొదలవుతుంది. కుడి పేజీకి 500 ఎక్కువ తీసుకోవచ్చు.

దెబ్బ తగిలేది వసూళ్ల దగ్గర. సావనీర్ అచ్చయ్యాక పంపిస్తాం అన్న డబ్బులో కొంత ఎప్పటికీ రాదు. అందుకే ఆర్డర్ ఫారం మీద సంతకంతోపాటు సగమైనా అడ్వాన్సు తీసుకుంటాం. ప్రదర్శనకు 20 రోజుల ముందు పేజీలు మూసేస్తాం. ఆ తర్వాత ఎంత పెద్దమనిషి వచ్చినా వేదిక మీద ప్రకటన ఇస్తాం గాని పేజీ తెరవం. అచ్చులో పేజీలు నాలుగేసి చొప్పున లెక్క కాబట్టి ఒక్క పేజీ కలిపినా నాలుగు పేజీలు పెరుగుతాయి. అచ్చు ఖర్చూ పెరుగుతుంది.

టికెట్లు, సభ్యత్వాలు, సావనీర్ కలిపితే 2,27,000. మిగతాది ఒక స్పాన్సర్ నుంచి 50,000, దాతల నుంచి 73,000.

దాతను మొత్తంగా సాయం చెయ్యమని అడిగితే చేతికొచ్చిన నోటు ఇస్తాడు. పద్దు చూపించి అడగాలి. దుస్తులు, మేకప్ మీ పేరు మీద, 16,000. లేదా ఒక నటుడి పారితోషికం, 8,000. అప్పుడు అతనికి తన డబ్బు ఎక్కడికి వెళ్లిందో కళ్లకు కనబడుతుంది.

స్పాన్సర్ డబ్బు వేరు, విరాళం వేరు. ఈ తేడా రసీదు మీదే తేలిపోవాలి. దాతకు కృతజ్ఞతగా బోర్డు మీద అతని పేరు రాస్తే, అందులో వ్యాపార ప్రచారం లేకపోతే, అది విరాళమే. దానిమీద జీఎస్టీ లేదని 2019 అక్టోబర్‌లో వచ్చిన సర్క్యులర్‌లో స్పష్టంగా ఉంది. అదే మనిషి కంపెనీ లోగో, షోరూం అడ్రసు, ఆఫర్ వివరాలు బ్యానర్ మీద వేయిస్తే అది ప్రచార సేవ. సేవల రాబడి మొత్తం ఏడాదికి 20 లక్షలు దాటనంతవరకు చిన్న సమాజానికి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు గాని, కంపెనీ టీడీఎస్ (ముందే కోసుకునే పన్ను) పట్టుకునే ఇస్తుంది. దాన్ని రిటర్న్ వేసి వెనక్కి తెచ్చుకోవాలి. అందుకే పాన్ సొసైటీ పేరునే ఉండాలి.

సమాజాన్ని సొసైటీగా రిజిస్టర్ చెయ్యకుండా ఇవేవీ జరగవు. 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. నియమావళి రాసేటప్పుడు ఆశయాల్లో నాటక ప్రదర్శనతో ఆగకుండా శిక్షణ, సంప్రదాయ జానపద కళల పరిరక్షణ, పుస్తక ప్రచురణ కూడా చేర్చండి. తర్వాత సవరించాలంటే పెద్ద తతంగం. ఇప్పట్లో పెద్ద గ్రాంటు అవసరం లేదనుకునేవాళ్లు కూడా రిజిస్ట్రేషన్ ఆలస్యం చెయ్యొద్దు. కేంద్ర సాంస్కృతిక శాఖ గ్రాంట్లకూ, కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధులకూ మూడేళ్ల అనుభవం అడుగుతారు. ఆ గడియారం రిజిస్టరైన రోజునుంచే మొదలవుతుంది.

తర్వాత ఆదాయపు పన్ను శాఖ దగ్గర 12ఏ, 80జీ నమోదులు. మొదటిది సంస్థ రాబడికి పన్ను మినహాయింపు కోసం, రెండోది దాత ఇచ్చిన విరాళానికి. కొత్త సంస్థకు మొదట మూడేళ్ల తాత్కాలిక నమోదు ఇస్తారు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి రావడంతో సెక్షన్ల నంబర్లు మారాయి. జనం నోట్లో మాత్రం పాత పేర్లే నలుగుతున్నాయి. దాతకు చెప్పాల్సిన నిజాలు రెండున్నాయి. 2,000 దాటిన నగదు విరాళానికి మినహాయింపు రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగికి అసలు ఈ మినహాయింపే వర్తించదు. ఇవి దాచిపెట్టి 80జీ ఉందని ఊరించి విరాళం తీసుకుంటే, రిటర్న్ వేసేటప్పుడు అతనికి సంగతి తెలుస్తుంది. ఆ దాత మళ్లీ గుమ్మం ఎక్కనివ్వడు.

మా రసీదు పుస్తకంలో దాత పేరు, చిరునామా, పాన్, నగదా బ్యాంకా, విరాళమా ప్రకటనా అన్న గళ్లు ఉంటాయి. పాన్ గడి నింపకుండా రసీదు చింపకూడదన్నది నియమం. ఏడాది విరాళాల వివరాలు మే 31లోపు ఆదాయపు పన్ను శాఖకు ఆన్‌లైన్‌లో పంపాలి. అప్పుడే దాతకు సర్టిఫికెట్ వస్తుంది. ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము. మే నెలలో దాతలందరికీ ఫోన్లు చేసి పాన్ అడగడం ఎంత నరకమో చేసినవాళ్లకే తెలుస్తుంది.

ఇంకో గడి కూడా ఉంది: ఏ దేశపు పాస్‌పోర్టు. మన ఊరి పిల్లలు సగం మంది అమెరికాలోనే ఉన్నారు. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసి తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అదే అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు పంపితే, ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకిచ్చే) కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళం. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి లేని సంస్థ దాన్ని ముట్టుకోకూడదు. స్వయానా అధ్యక్షుడి కొడుకు పంపినా అంతే.

12ఏ తీసుకున్నాక ఎవరూ ముందుగా చెప్పని చిక్కు ఒకటుంది. మనలాంటి ప్రజోపయోగ సంస్థలకు వ్యాపార తరహా రాబడి మొత్తం రాబడిలో 20 శాతం దాటకూడదు. పైన రాసిన లెక్కలో సావనీర్ ప్రకటనలు, స్పాన్సర్ కలిపితే దాదాపు సగం. అంటే 80జీ కావాలనుకుంటే విరాళాలు, సభ్యత్వాలు, గ్రాంట్ల వైపు బరువు మార్చుకోవాలి. లేదా పన్ను మినహాయింపు ఆశ వదులుకుని ప్రకటనల మీదే బతకాలి. ఈ నిర్ణయం ఆడిటర్ ముందు కూర్చుని దరఖాస్తుకు ముందే తీసుకోవాలి.

విశాఖకు ప్రత్యేకమైన రాబడి ఫ్యాక్టరీ వీధి నాటకం. మార్చి 4 జాతీయ భద్రతా దినం. ఆ వారమంతా ఉక్కు, రిఫైనరీ, పోర్టు, పరవాడ ఫార్మా వైపు పరిశ్రమల్లో భద్రత మీద ప్రదర్శనలు కావాలి. అక్టోబర్ చివర ప్రభుత్వ రంగ సంస్థల్లో విజిలెన్స్ వారోత్సవాలు. 20 నిమిషాల నాటిక, ఏడుగురు నటులు. తలా 1,000, వ్యాను 3,000, రచన, రిహార్సల్ వాటా 3,000, సమాజానికి 5,000. మొత్తం 18,000. అదే ఆవరణలో అదే రోజు రెండో ప్రదర్శనకు 8,000 అదనం.

ఈ పనికి జనవరిలోనే సేఫ్టీ విభాగాన్ని కలవాలి. ఫిబ్రవరి చివర్లో వెళితే ఆర్డర్లు అయిపోతాయి. లోపలికి వెళ్లేవాళ్ల ఆధార్ ప్రతులు ముందే పంపాలి. గేటు పాస్‌లో పేరు లేని నటుడు ఎంత ముఖ్యుడైనా బయటే ఉంటాడు. కాబట్టి ప్రతి పాత్రకూ బదులు చెయ్యగలిగిన ఒకరి పేరు జాబితాలో కలపాలి. మంటలు పుట్టే వాయువులుండే చోట్ల ఫోన్లు, అగ్గిపెట్టెలు, బ్యాటరీ మైకులు రానివ్వరు. అందుకే క్యాంటీన్ దగ్గరో ఆఫీసు ఆవరణలోనో, మైకు లేకుండా గొంతుతోనే వినిపించేలా నాటికను కట్టుకోవాలి. నేరేషన్ మీద నడిచే నాటిక అక్కడ తేలిపోతుంది. డప్పు, గుంపు కదలిక, ఒక్కో వాక్యం మూడు మాటలు దాటని సంభాషణ నిలబడతాయి. పర్చేజ్ ఆర్డర్ చేతికొచ్చాకే రిహార్సల్ మొదలుపెట్టండి. బిల్లు పెట్టాక డబ్బు రావడానికి నెలన్నర దాకా పడుతుంది. నటులకు మాత్రం ఆ రోజే ఇవ్వాలి కాబట్టి సమాజం ఖాతాలో కనీసం 20,000 నిల్వ ఎప్పుడూ ఉండాలి.

సీఎస్ఆర్ అన్న మాట వినగానే అందరికీ ఆశ పుడుతుంది. నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1,000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి అందుకున్న కంపెనీ అయినా మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలి. కళలు, సంస్కృతి, సంప్రదాయ కళల అభివృద్ధి ఆ జాబితాలో ఉన్నాయి. అయితే ఒక్క సాయంత్రపు నాటకానికి ఆ డబ్బు రాదు. తమ పేరు ప్రచారం కోసం కంపెనీ ఇచ్చే స్పాన్సర్‌షిప్‌ను నిబంధనలే సీఎస్ఆర్‌గా ఒప్పుకోవు. తప్పెటగుళ్లు, జముకుల కథ లాంటి ఉత్తరాంధ్ర కళల్లో ఏడాదిపాటు పాతికమంది పిల్లలకు శిక్షణ, గురువులకు నెలనెలా గౌరవ వేతనం, చివర ప్రదర్శన అని రాస్తే వినే నాథుడు దొరుకుతాడు. సంస్థకు 12ఏ, 80జీ, మూడేళ్ల అనుభవం, కంపెనీ వ్యవహారాల శాఖలో సీఎస్ఆర్-1 నమోదు ఉండాలి.

కేంద్ర సాంస్కృతిక శాఖ ప్రదర్శనలకు, నిర్మాణాలకు ఇచ్చే గ్రాంటు మామూలుగా 5 లక్షల దాకా ఉంటుంది. స్వచ్ఛంద సంస్థల ప్రభుత్వ పోర్టల్ ఎన్జీవో దర్పణ్‌లో నంబర్ లేకపోతే దరఖాస్తే ముందుకు కదలదు. డబ్బంతా ఒక్కసారి రాదు, చివరి వాయిదా లెక్కలు చూపాకే. కాబట్టి గ్రాంటు మంజూరైందని సంబరపడి సెట్ పెంచెయ్యకూడదు. ఆ చివరి వాయిదా వచ్చేదాకా మనమే పెట్టుకోవాలి.

కథ హక్కులు కూడా డబ్బు లెక్కలోనివే. రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులు వారసులవి. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయన రచనలకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. మన ఊరివాడే అయిన రావిశాస్త్రి 1993లో పోయారు. అంటే 2053 చివరిదాకా కుటుంబం అనుమతి రాతపూర్వకంగా ఉండాలి. గ్రాంటు దరఖాస్తుతో ఆ ఉత్తరం జతచెయ్యాలి. సినిమా పాట రికార్డు వాడితే దానికీ లైసెన్సు రుసుము ఉంటుంది. తబలా, హార్మోనియంతో సొంత బాణీ కట్టించుకోవడం చౌక, పైగా నాటకానికి అందం.

తేదీ విషయంలో అక్టోబర్, నవంబర్ అంటే మేం భయపడతాం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన ఊరు ఇది. ఆ నెలల్లో వెయ్యక తప్పకపోతే హాలు ఒప్పందంలో తుపాను హెచ్చరిక ఉంటే అద్దె పోకుండా తేదీ మార్చుకునే షరతు రాయించుకోవాలి. లైట్ల వాళ్లతోనూ అదే మాట.

ప్రదర్శన అయిన వారంలోగా ప్రతి దాతకూ, స్పాన్సర్‌కూ, ప్రకటనదారుకూ ఒక కవరు వెళ్లాలి. అందులో సావనీర్, రెండు ఫొటోలు, ఒక పేజీ జమాఖర్చు. ఆ జమాఖర్చులో నటుల పారితోషికం మొదటి పద్దుగానే అచ్చవుతుంది. గ్రాంటు ఉంటే వినియోగ ధ్రువపత్రం కేంద్ర ఆర్థిక నిబంధనల (జీఎఫ్ఆర్) 12-ఏ నమూనాలో ఆడిటర్ సంతకంతో సిద్ధం చెయ్యాలి. బిల్లులన్నీ సొసైటీ పేరు మీదే ఉన్నాయా, మంజూరైన పద్దులు దాటి ఖర్చు రాశామా అన్నది ముందు మనమే సరిచూసుకోవాలి. వడ్రంగి, దర్జీ, ఆటో డ్రైవర్ ముద్ర బిల్లులు ఇవ్వరు. వాళ్ల కోసం అచ్చు వోచర్లు ముందే కొట్టించి, పేరు, పని, మొత్తం రాసి, డబ్బిచ్చిన రోజే సంతకమో వేలిముద్రో తీసుకుని పెట్టుకోవాలి.